తోటనేలకు పసుపుపూల గుంటగలగర

ఇంటి ముందు చెట్ల నడుమ మిగిలిపోయే ఖాళీ నేలను ఏదో ఒక పచ్చదనంతో కప్పాలనుకునే వారికి నర్సరీలు ముందుగా చూపించే మొక్కల్లో ‘వెడేలియా’ ఒకటి. కాలనీల ఉద్యానాల్లోనూ, రహదారుల మధ్యనున్న డివైడర్ల మీదా, అపార్ట్‌మెంట్ల ప్రహరీల వెంటా నిగనిగలాడే ఆకులతో, నారింజ ఛాయ కలిసిన పసుపు పూలతో దట్టంగా అల్లుకుపోయే ఈ తీగ మొక్క మధ్య అమెరికా, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉష్ణప్రాంతాల నుంచి వచ్చింది. దీనికి అతి దగ్గరి బంధువు, చూపులకు ఇంచుమించు ఇలాగే ఉండేది, అయితే భారతదేశపు తడినేలల్లోనే పుట్టి పెరిగినది మరొకటి ఉంది. గుంటగలగరను ఎరిగిన తెలుగువారు దానిని పసుపుపూల గుంటగలగరగా సులభంగా పోల్చుకోగలరు. సంస్కృత వైద్య సంప్రదాయంలో దాని పేరు పీతభృంగరాజం. తమిళులు మంజళ్ కరిసలాంగణ్ణి అనీ, మలయాళీలు మంజక్కయ్యోన్ని అనీ పిలుస్తారు. మందుమొక్కగా దానికి పేరున్నంతగా తోటమొక్కగా లేదు. నేలను కప్పే పనికి వెడేలియా కన్నా అది ఎందుకు మేలైనదో, దానిని ఎలా పెంచాలో, ఎక్కడ పెంచకూడదో ఇక్కడ పరిశీలించవలసిన విషయాలు.

ఈ రెండు మొక్కలూ చామంతి కుటుంబానికి, అంటే వృక్షశాస్త్రం ఆస్టరేసి అని పిలిచే కుటుంబానికి చెందినవి. పూలు పూసే మొక్కల్లో అత్యంత పెద్ద కుటుంబాలలో ఇది ఒకటి. ప్రపంచమంతటా సుమారు 32 వేల జాతులు ఇందులో ఉన్నాయని అంచనా. బంతి, పొద్దుతిరుగుడు, కుసుమ, గడ్డిచామంతి, పొలంగట్ల మీద విసిగించే వయ్యారిభామ కూడా ఇందులోవే. ఈ కుటుంబంలో ఒక్క పువ్వుగా కనిపించేది నిజానికి పదుల సంఖ్యలో చిన్న పువ్వులు ఒకే పీఠం మీద గుమిగూడిన గుత్తి. అంచున రేకుల్లా విచ్చుకుని కీటకాలను పిలిచేవి కిరణ పుష్పకాలు కాగా, నడుమ బొడ్డులా కనిపించే భాగంలో కిక్కిరిసి ఉండేవి చక్ర పుష్పకాలు. అవి ఒకేసారి కాక వెలుపలి వరుస నుంచి లోపలికి క్రమంగా విచ్చుకుంటాయి. అందువల్ల ఒక్కో గుత్తి కొన్ని రోజుల పాటు తేనెనూ పుప్పొడినీ అందించగలుగుతుంది. అరచేతి వెడల్పు కూడా లేని ఈ పూలగుత్తుల చుట్టూ కొండి లేని చిన్న తేనెటీగలు, చిరు సీతాకోకచిలుకలు ఉదయం పూట మూగడానికి ఈ నిర్మాణమే కారణం.

పసుపుపూల గుంటగలగర శాస్త్రీయ నామం ఇప్పుడు స్ఫాగ్నెటికోలా కాలెండ్యులేసియా. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1753లో వెలువరించిన గ్రంథంలో దానిని వెర్బెసినా అనే ప్రజాతిలో చేర్చాడు. ప్రజాతి అంటే దగ్గరి పోలికలున్న జాతులను ఒకచోట చేర్చే వర్గం. తరువాతి కాలంలో అది వెడేలియా ప్రజాతిలోకి మారి, వెడేలియా కాలెండ్యులేసియా అనీ, వెడేలియా చైనెన్సిస్ అనీ రెండు పేర్లతో వైద్య గ్రంథాలకెక్కింది. 1996లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ ప్రస్కీ దానినీ, దాని అమెరికా బంధువునూ కలిపి స్ఫాగ్నెటికోలా ప్రజాతిలో ఉంచాడు. అమెరికా మొక్క పేరు స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా. పాత పుస్తకాల్లో రెండూ వెడేలియాలే కావడం వల్ల నర్సరీ వాడుకలో ఒకే పేరు రెండింటికీ అతుక్కుపోయింది. కొనేవారు మోసపోయేది ఇక్కడే.

రెంటినీ వేరుచేసి గుర్తించడానికి పూల కన్నా ఆకులే నమ్మదగిన ఆధారం. స్వదేశీ మొక్క ఆకు సన్నగా, పొడవుగా, రెండు కొసలా కోసుగా ఉండి, అంచున మహా అయితే ఒకటి రెండు చిన్న పళ్లతో సాదాగా కనిపిస్తుంది. పొడవు ఎక్కువగా 2 నుంచి 7 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. తాకితే సన్నని నూగు వల్ల కొంచెం గరుకుగా తగులుతుంది. అమెరికా మొక్క ఆకు వెడల్పుగా, మందంగా, మెరుస్తూ ఉండి, ఇరువైపులా ఒక్కో చీలిక పొడుచుకు రావడం వల్ల మూడు తమ్మెలుగా విడిపోయినట్లు ఉంటుంది. స్వదేశీ మొక్క పూలగుత్తి సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పుతో, పొడవాటి సన్నని కాడ చివర ఒంటరిగా నిలుస్తుంది. తెల్లపూల మామూలు గుంటగలగరతో దీనికి పొరపాటు పడే అవకాశం పూత సమయంలో లేదు గానీ, పూత లేనప్పుడు ఉంది. తెల్లపూలది నిటారుగానో వాలుగానో కొమ్మలు వేస్తే, పసుపుపూలది నేలను అంటిపెట్టుకుని పాకుతూ కణుపు కణుపుకీ వేళ్లు దించుతుంది. తోటనేలకు కావలసింది ఈ రెండో స్వభావమే.

నేలను కప్పే మొక్క చేసే పని అలంకారంతో ముగిసిపోదు. వానచినుకు నగ్నమైన మట్టి మీద పడినప్పుడు మట్టిరేణువులు చెదిరి, సన్నని పొరగా పేరుకుని, ఆరిన తరువాత పెంకులా గట్టిపడతాయి. అప్పుడు తరువాతి వాన ఇంకడం మాని పారిపోతుంది. ఆకుల పొర చినుకు వేగాన్ని ఆపుతుంది, కణుపుల వద్ద దిగిన వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, నీడ వల్ల వేసవిలో నేల వేడెక్కడమూ తేమ ఆవిరి కావడమూ తగ్గుతాయి, వెలుతురు అందక కలుపు గింజల్లో చాలా భాగం మొలకెత్తవు. ఈ ప్రయోజనాలన్నీ వెడేలియా కూడా ఇస్తుంది, పైగా త్వరగా ఇస్తుంది. దానిని నాటించేవారు సమర్థనగా చెప్పేది ఆ వేగాన్నే.

కానీ ఆ వేగమే దాని అసలు దోషం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం రూపొందించిన, ప్రపంచంలోని వంద అత్యంత హానికర ఆక్రమణ జాతుల జాబితాలో ఈ మొక్కకు చోటు దక్కింది. ఆక్రమణ జాతి అంటే పరాయి ప్రాంతం నుంచి వచ్చినదని మాత్రమే అర్థం కాదు. వచ్చిన చోట మనిషి సాయం లేకుండా వ్యాపించి స్థానిక జీవజాలాన్ని వెనక్కి నెట్టేదని అర్థం. తోరణాల్లో కట్టే బంతి మెక్సికో నుంచి వచ్చింది, పొద్దుతిరుగుడు ఉత్తర అమెరికాది, చామంతి చైనాది. వాటిలో ఏదీ కాలువగట్లను కబళించలేదు కనుక వాటిని వెలివేయవలసిన పని లేదు. వయ్యారిభామ సంగతి వేరు. 1950ల మధ్యకాలంలో పుణె పరిసరాల్లో గుర్తించిన ఆ మొక్క కొద్ది దశాబ్దాల్లో దేశమంతా పరుచుకుంది. వెడేలియా చెందవలసింది రెండో వరుసకే. దాని కాండంలోని ఏ చిన్న ముక్కైనా, ఒక్క కణుపు ఉంటే చాలు, తడి తగిలితే కొత్త మొక్కవుతుంది; కత్తిరించి కాలువలోకో ఖాళీ స్థలంలోకో పారవేసిన తోటచెత్తే దాని ప్రధాన వాహనం. పైగా అది విడుదల చేసే కొన్ని రసాయనాలు పక్క మొక్కల మొలకలనూ వేళ్లనూ అణచివేస్తాయని ప్రయోగాలు చూపాయి. కేరళలో అది తోటల హద్దులు దాటి తేమ ఉన్న అడవి అంచుల్లోకీ చెలకల్లోకీ చొరబడింది. దక్షిణ చైనాలో మరింత చిక్కైన పరిణామం నమోదైంది. అక్కడ పరాయి మొక్క స్వదేశీ మొక్కతో సహజంగా సంకరమై మిశ్రమ సంతతిని పుట్టిస్తున్నది. స్థలాన్ని కోల్పోవడమే కాక, స్వదేశీ జాతి తన వంశ లక్షణాలనే క్రమంగా కోల్పోయే ప్రమాదం ఇందులో ఉంది. రెంటినీ ఒకే తోటలో పక్కపక్కన పెంచరాదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

వెడేలియాతో ఆస్ట్రేలియా అనుభవం తెలుగు తోటమాలులకు పనికివస్తుంది. అక్కడ దానిని సింగపూర్ డైసీ అంటారు, దాని పుట్టుకకు సింగపూర్‌తో ఏ సంబంధమూ లేకపోయినా. తోటలకోసం తెచ్చిన ఆ మొక్క క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు తీరప్రాంతాల్లో వాగులనూ తోటల అంచులనూ ఆక్రమించగా, ఆ రాష్ట్రం 2014 నాటి జీవభద్రతా చట్టం కింద దానిని నియంత్రిత మొక్కగా ప్రకటించి, అమ్మడాన్నీ ఇతరులకు ఇవ్వడాన్నీ నిషేధించింది. అదే దేశంలో తూర్పు ప్రాంతాలకు చెందిన బ్రాకిస్కోమ్ మల్టిఫిడా అనే చిన్న స్వదేశీ డైసీ, సన్నగా చీలిన ఆకులతో, లేత ఊదా పూలతో, నేలను కప్పే మొక్కగా నర్సరీల్లో స్థిరపడి, ఇప్పుడు దేశం వెలుపలి తోటల్లో కూడా పెరుగుతున్నది. అడవిమొక్కను తోటమొక్కగా మలచడానికి అక్కడివారు చేసినది పెద్ద విద్యేమీ కాదు. మంచి పూత, పొట్టి ఎత్తు ఉన్న మొక్కలను ఎంచి, కొమ్మ ముక్కల ద్వారా పెంచి, పేరు పెట్టి అమ్మారు. గోదావరి డెల్టాలోని కడియం, కడియపులంక నర్సరీలకు ఉన్న నైపుణ్యంతో పోలిస్తే అది చిన్న పని. అక్కడి రైతులు పసుపుపూల గుంటగలగరను ఇంతవరకు పెద్దఎత్తున తోటమొక్కగా చూడకపోవడానికి కారణం అడిగేవారు లేకపోవడమే తప్ప మొక్కలో లోపం కాదు.

పెంపకానికి ముందు ఈ మొక్క సొంత నివాసాన్ని అర్థం చేసుకోవాలి. వరిపొలాల గట్లు, కాలువల ఒడ్లు, నీటి ఊట ఉన్న పల్లపు నేలలు దాని సహజ స్థావరాలు. భారతదేశపు తూర్పు, దక్షిణ ప్రాంతాల నుంచి శ్రీలంక, ఆగ్నేయాసియా, చైనా, జపాన్ వరకు ఇలాంటి చోట్లనే అది పెరుగుతుంది. కనుక కోస్తా జిల్లాల తోటలకు అది సహజంగా సరిపోతుంది. రాయలసీమలోని ఎర్రనేలల్లోనూ, హైదరాబాదు చుట్టుపక్కల రాతిపొర మీద పలుచగా ఉన్న మట్టిలోనూ నీరు పెట్టకుండా అది నిలుస్తుందని చెప్పడం అసత్యమవుతుంది. దేశీ మొక్క అయినంత మాత్రాన దేశంలోని ప్రతి నేలకూ అది దేశీ కాదు. అటువంటి చోట్ల వంటింటి నీళ్లు మళ్లే పాదుల్లో, కొబ్బరి, అరటి మొదళ్ల చుట్టూ, బోరు తొట్టి పొర్లే చోట, ఎలాగూ తడిపే కుండీల అంచుల్లో మాత్రమే దీనిని పెంచడం వివేకం. పూర్తిగా ఎండిన నేలకు నీలిపూల విష్ణుక్రాంతం వంటి మొక్కలను వెతకడం మంచిది.

నాటడానికి తగిన కాలం తొలకరి. మృగశిర కార్తెతో వానలు మొదలై నేల లోపలి వరకు తడిసిన తరువాత ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో నాటిన ముక్కలు అతి తక్కువ శ్రమతో నిలదొక్కుకుంటాయి. అయితే నాటడం కన్నా ముందు చేయవలసిన పని మరింత ముఖ్యమైనది. ఎంచుకున్న నేలలో తుంగ, గరిక ఉంటే వాటిని గడ్డలతో, వేళ్లతో సహా తవ్వి తీయాలి. తుంగ భూగర్భంలోని గడ్డల నుంచి తిరిగి మొలుస్తుంది, ఈ పొట్టి మొక్క దాని మీద గెలవలేదు. అల్లుకున్న పాదులోంచి తుంగను ఏరడం తరువాత దాదాపు అసాధ్యం. వేసవిలోనే ఒకసారి తవ్వి ఎండబెట్టి, మొదటి వానకు మొలిచిన దానిని మళ్లీ తీసివేసి, ఆ పిమ్మట నాటేవారు ఏడాదంతా పడవలసిన పాటును తప్పించుకుంటారు. మట్టిని జానెడు లోతున గుల్లచేసి, బాగా చివికిన పశువుల ఎరువును కలిపితే చాలు. నత్రజని ఎక్కువైతే ఆకు బలిసి పూత తగ్గుతుంది. నల్లరేగడి నేలలో వానాకాలం నీరు రోజుల తరబడి నిలిచే చోట పాదును కొంచెం ఎత్తు చేయడం అవసరం. తడిని ఇష్టపడే మొక్కే అయినా, గాలి ఆడని బురదలో లేత వేళ్లు కుళ్లుతాయి.

విత్తనాల ద్వారా పెంచడం సాధ్యమే గానీ, ఆలస్యం, అనిశ్చితం. వాడుకలో ఉన్న పద్ధతి కొమ్మ ముక్కలు. పూత లేని, మరీ ముదరని కాండాన్ని 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోసి, కింది ఆకులను తీసివేసి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా వాలుగా నాటాలి. వేళ్లకు మూలం కణుపే కనుక కణుపుల మధ్య భాగాన్ని ఎంత లోతున పాతినా ప్రయోజనం ఉండదు. నీడలో, తేమ ఆరకుండా ఉంచితే రెండు మూడు వారాల్లో వేళ్లు దిగి కొత్త చిగురు కనిపిస్తుంది. పాదులో 25 సెంటీమీటర్ల ఎడంతో నాటితే చదరపు మీటరుకు 16 ముక్కలు పడతాయి. మొక్క మొక్కకూ మధ్య ఖాళీ కనిపిస్తున్నదని తొలి నెలల్లో దిగులుపడి ఒత్తుగా నాటడం అనవసరం. ఆ ఖాళీల్లో ఎండుటాకులో కొబ్బరిపీచో పరిచి, మొలిచిన కలుపును వారానికోసారి తీస్తుంటే, ఆ వానాకాలం ముగిసేసరికి పొర చాలావరకు కలుస్తుంది. వెడేలియా ఇంతకన్నా ముందే కప్పేస్తుందన్నది నిజమే. కానీ కప్పిన తరువాత ఆగుతుందా లేదా అన్నది అడగవలసిన రెండో ప్రశ్న.

వెలుతురు విషయంలో ఈ మొక్క సర్దుబాటు గుణం కలది. సగం పూట ఎండ తగిలే చోట ఆకు, పూత రెండూ సమంగా ఉంటాయి. మామిడి వంటి చిక్కటి నీడలో ఆకు నిలుస్తుంది గానీ పూత పలుచబడుతుంది. పూర్తి ఎండలో పూత బాగుంటుంది, అందుకు వేసవి నీరు మూల్యంగా చెల్లించాలి. ఏప్రిల్, మే నెలల్లో పాదు పైభాగం మాడినట్లు కనిపించినా కణుపుల వద్ద జీవం ఉంటుంది కాబట్టి తొందరపడి పీకివేయరాదు. వానలకు ముందు మొత్తాన్ని నాలుగంగుళాల ఎత్తుకు కత్తిరిస్తే కొత్త చిగుళ్లు ఒక్కసారిగా వచ్చి పాదు మళ్లీ ఒత్తవుతుంది. అప్పుడప్పుడు దాటే అడుగును అది సహిస్తుంది, పిల్లలు ఆడే చోటుకు పనికిరాదు. ఆట కోసం గడ్డే సరైనది. దట్టంగా అల్లుకున్న మొక్కల్లో పాములు చేరతాయన్న భయం తెలుగు ఇళ్లలో సహజం, నిరాధారం కూడా కాదు. పాదును పొట్టిగా ఉంచి, గుమ్మానికీ నడకదారికీ రెండడుగుల ఎడం వదిలితే ఆ భయానికి సమాధానం దొరుకుతుంది. తెగుళ్ల బాధ తక్కువే; వేసవిలో పిండినల్లి కనిపిస్తే ఆ కొమ్మలను కోసి తీసివేసి, వేపనూనె ద్రావణం చల్లడం సాధారణంగా సరిపోతుంది.

వైద్యంలో ఈ మొక్కకున్న స్థానం దానిని పెంచడానికి అదనపు కారణం అవుతుంది, అయితే అతిశయోక్తులకు అవకాశం కూడా ఇక్కడే ఎక్కువ. కాలేయ సమస్యలకూ జుట్టుకూ గుంటగలగరలను వాడడం ఆయుర్వేద, సిద్ధ సంప్రదాయాల్లో ఉంది. 19వ శతాబ్దపు తమిళ సాధుకవి రామలింగ వళ్లలార్ కరిసలాంగణ్ణిని నిత్యాహారంలో చేర్చుకోదగిన ఆకుగా ప్రశంసించాడు, తమిళనాట పసుపుపూల రకాన్ని ఆకుకూరగా వండడం నేటికీ ఉంది. 1956లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో టి.ఆర్. గోవిందాచారి, ఆయన సహచరులు ఈ మొక్క నుంచి వేరుచేసిన ఒక పదార్థపు నిర్మాణాన్ని వెల్లడించారు; అప్పటి ప్రజాతి పేరు వెడేలియా మీదుగా దానికి వెడెలోలాక్టోన్ అనే పేరు వచ్చింది. తెల్లపూల గుంటగలగరలోనూ ఉన్న ఈ పదార్థం మీద ప్రయోగశాలల్లో చాలా పరిశోధన జరిగింది. కానీ ప్రయోగశాల ఫలితం వేరు, కామెర్లతో బాధపడే మనిషికి చేసే చికిత్స వేరు. పెరట్లో మొక్క ఉన్నదని వైద్యుడి వద్దకు వెళ్లడం మానుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. కూరగా వాడదలచినవారు మురుగు పారే చోట పెరిగిన ఆకునూ, మందులు చల్లిన ఆకునూ, అన్నిటికన్నా ముఖ్యంగా పోలిక తేలని ఆకునూ వాడరాదు.

ఇప్పటికే వెడేలియా పరుచుకున్న తోటలో దానిని మార్చదలచినవారికి ఓర్పు కావాలి. పైపైన కోయడం వల్ల ముక్కలు పెరుగుతాయే గానీ మొక్క పోదు. నేల తడిగా ఉన్నప్పుడు చాపలా చుట్టి వేళ్లతో సహా లేపి, ఆ చెత్తను కాంక్రీటు మీద పూర్తిగా ఎండి పెళుసెక్కేదాకా ఉంచి, ఆ తరువాతే ఎరువుగుంతలో వేయాలి. పచ్చిగా కాలువలోకో రోడ్డుపక్కకో పడేయడం సమస్యను పొరుగువారి నెత్తిన రుద్దడమే అవుతుంది. మిగిలిన కణుపులు కనీసం ఒక వానాకాలమంతా మొలుస్తూనే ఉంటాయి కనుక, అవి పూర్తిగా ఆగిన తరువాతే స్వదేశీ మొక్కను నాటాలి. ఆ మధ్యకాలంలో నేల బోసిగా ఉండకుండా మెంతి, కొత్తిమీర వంటి కొద్దికాలపు ఆకుకూరలు చల్లుకోవచ్చు.

మొక్క దొరకడం కొంత కష్టమే. ఔషధ మొక్కలు పెంచే నర్సరీల్లో పీతభృంగరాజం పేరుతో అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. పొలంగట్టున గుర్తించినవారు మొక్కను పెకలించకుండా రెండు మూడు కొమ్మ ముక్కలు మాత్రం తెచ్చుకుంటే అక్కడి గుంపుకు నష్టం ఉండదు. ఏ పేరుతో అమ్మినా, కొనే ముందు ఆకును చేతిలోకి తీసుకుని చూడాలి. సన్నగా, గరుకుగా ఉంటే కొనవచ్చు, మెరుస్తూ మూడు తమ్మెలుగా చీలి ఉంటే ఎంత చవకగా ఇచ్చినా అక్కడే వదిలి రావాలి.